టూల్‌బాక్స్ టాక్ రిజిస్టరు గారికి సెంట్రింగ్ మేస్త్రీ వ్రాయునది

మహారాజశ్రీ రిజిస్టరు గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. పని మొదలెట్టే ముందు సైట్లో చెప్పే సేఫ్టీ పాఠాన్ని టూల్‌బాక్స్ టాక్ అంటారు, దానికి వచ్చినవాళ్ల వేలిముద్రలు పుచ్చుకునే పుస్తకం తమరు. మేం క్షేమమేనని తమ ప్రతి పేజీలోనూ రాసే ఉంటుంది కాబట్టి ఆ సంగతి మళ్లీ విన్నవించుకోను.

నిన్న మధ్యాహ్నం తమ కోసం స్లాబు పని ఆపించారు. ఆడిట్ వాళ్లు వస్తున్నారట, తమరు నిండాలట. రాడ్ బెండింగ్ వాళ్లని, మా గ్యాంగుని, తట్టలు మోసే ఆడవాళ్లని, అందర్నీ సెల్లార్లోకి దింపి కూర్చోబెట్టారు. ప్రొజెక్టరుకి కరెంటు అందలేదు. ఎక్కణ్నుంచో ఒక వైరు పట్టుకొచ్చారు గానీ దానికి ప్లగ్గు లేదు. రెండు తీగల కొసలూ సాకెట్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. తెర వెలిగింది. మొదటి స్లైడు కరెంటు ప్రమాదాల గురించే.

స్లైడ్లు ఇంగ్లిష్‌లో. సేఫ్టీ సారు మాట్లాడింది హిందీలో. విన్నది శ్రీకాకుళం, పాలమూరు, ఒడిశాలోని గంజాం వాళ్లు. ఒక బొమ్మలో దళసరి కోటు వేసుకున్న దొర మంచు మీద జారకుండా నడిచే పద్ధతి చూపిస్తున్నాడు. మా సైటున్న హైదరాబాదు కోకాపేటలో అది ఎప్పటికైనా పనికొస్తుందని మావాళ్లు శ్రద్ధగానే చూశారు.

మాది చదరపు అడుగు లెక్క అని తమరికి తెలియంది కాదు. షీటు పరిస్తేనే డబ్బు. గంటన్నర క్లాసుకి పైసా కట్టివ్వరు, హెల్పర్ల కూలీ నా జేబులోంచే పోవాలి. ఆ మాట అంటే, "నీ సేఫ్టీ కోసమే కదా మేస్త్రీ" అన్నారు.

తర్వాత తమరి వంతు. ఇంకు ప్యాడు తిరిగింది. మావాళ్ల బొటనవేళ్లు సిమెంటు తిని గీతలు అరిగిపోయి ఉంటాయి. అదే వేలు పెడితే రేషన్ మిషను తప్పంటుంది. మళ్లీ పెట్టు, తుడిచి పెట్టు, ఇంకో వేలు పెట్టు అంటుంది. తమరికి అలాంటి పట్టింపులు లేవు. ఏ వేలైనా, ఎవరి వేలైనా పుచ్చుకుంటారు. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగిరాని కుర్రాడొకడు తమలో ఇప్పటికీ రోజూ హాజరు. మా దగ్గర పనిచేసినన్నాళ్లూ వారానికోసారి నాగా పెట్టేవాడు, తమ దగ్గర ఒక్కరోజు కూడా మానలేదు. అన్నట్టు, పేజీ తిప్పి చూస్తే రేపటిదీ ఎల్లుండిదీ కూడా నిండే ఉన్నాయి. అంశం "ఎత్తులో పని". అర్థమైందా అన్న గడిలో అందరికీ టిక్కు.

ఆ టిక్కు సంగతే మాట్లాడాలి.

నిన్న మా గంజాం కుర్రాడు చెయ్యెత్తాడు. క్లాసులో చెయ్యెత్తడం అంటే వాడికి ఎంత ధైర్యం కావాలో తమరికి తెలీదు. వచ్చీరాని హిందీలో ఒకటే అడిగాడు: "సార్, బెల్టు వేసుకున్నాను. హుక్ ఎక్కడ పెట్టాలి?"

సారు, "ప్రశ్నలు చివర్లో" అన్నారు. చివర్లో గ్రూప్ ఫొటో అయింది.

ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వచ్చుంటే గంటన్నర కూలీ పోయినా నేను నోరెత్తేవాణ్ని కాను. హుక్ భుజాలకి పైన, మనిషి పడితే ఆపగలిగేదానికి పెట్టాలి. తొమ్మిదో అంతస్తులో షీట్లు పరిచే అంచు దగ్గర భుజాలకి పైన ఏముంటుంది? ఆకాశం. కాళ్ల దగ్గర కాలమ్ రాడ్డు ఉంది, దానికి పెట్టాడే అనుకుందాం. తాడు 6 అడుగులు. వీపు మీది రింగు పాదాల నుంచి ఇంచుమించు 5 అడుగుల ఎత్తు. తాడు బిగుసుకునేలోపు మనిషి 11 అడుగులు పడతాడు. కింది అంతస్తు 10 అడుగుల్లోనే తగులుతుంది. పోనీ సెంట్రింగుని మోసే జాకీ పైపుకి పెడితే మనిషితో పాటు సెంట్రింగూ వస్తుంది. అందుకని మావాళ్లు ఏం చేస్తారో తెలుసా? హుక్ తీసి ఎవరి బెల్టుకి వాళ్లే తగిలించుకుంటారు. కింద నిలబడి తలెత్తి చూసే సారుకి బెల్టు కనబడుతుంది, హుక్ పెట్టినట్టూ కనబడుతుంది. ఫొటోలో ఇంకా బాగా కనబడుతుంది. నీలో టిక్కు పడుతుంది.

అవును, నీలో. మర్యాద ఇక నా వల్ల కాదు.

నీకు ఎన్ని గడులున్నాయి! పేరు, తండ్రి పేరు, కాంట్రాక్టరు పేరు, హెల్మెట్, షూ, జాకెట్, బెల్టు. హుక్ ఎక్కడ పెట్టాలన్నదానికి గడి లేదు. ఎందుకుంటుంది? ఆ గడి ఉంటే జవాబు రాయాల్సింది మేం కాదు. అంచు వెంబడి పోస్టులు బిగించి వాటి మధ్య వైర్ రోపు లాగాలి, ఎంత బలం కావాలో ఇంజినీరు లెక్క కట్టాలి, దానికి బిల్లు ఎవరో పాస్ చెయ్యాలి. నా వాడి బొటనవేలు ఆ లెక్క కట్టలేదు. వాడు పడిపోతే మాత్రం ముందు నిన్నే తెరుస్తారు. "చూడండి, ట్రైనింగ్ ఇచ్చాం, వేలిముద్ర కూడా ఉంది" అంటారు. నువ్వు పుట్టింది అందుకే.

బాచుపల్లిలో 2024 మే 7న వానకి రిటైనింగ్ వాల్ కూలీల షెడ్ల మీద పడింది. నాలుగేళ్ల బిడ్డతో సహా ఏడుగురు పోయారు. ఆ బిడ్డకి ఏ టాపిక్ చెప్పి టిక్కు పెడతావు?

నీ మిగతా ఘనకార్యాలు ఎన్నని చెప్పను. ఎండాకాలంలో "వడదెబ్బ, జాగ్రత్తలు" అన్న క్లాసు మిట్టమధ్యాహ్నం స్లాబు మీద నిలబెట్టి చెప్పించావు. దుబాయ్ నుంచి వచ్చిన జగిత్యాల వాడు మా గ్యాంగులో ఉన్నాడు, పడీపడీ నవ్వాడు. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని రూలు. మార్చి 4న జాతీయ భద్రతా దినమని ప్రతిజ్ఞ చేయించి లడ్డూ పెడతారు. మర్నాడు ఆ ఫ్లెక్సీనే లిఫ్టు గుంతకి అడ్డం కడతారు, రెయిలింగ్ అనుకుని ఒరిగేవాడు ఒరుగుతాడు. సేఫ్టీ ఆఫీసరు పాత రూల్లో 500 మందికి, 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో 250 మందికి తప్పనిసరి. మనుషుల్ని కాంట్రాక్టర్ల పేర్ల మీద విడగొట్టి రాస్తే మా సైట్లో ఏ పేజీ లెక్కా అంతదాకా రాదు. 1996 చట్టం నుంచి బిల్డింగు ఖర్చులో నూటికి రూపాయి మా సంక్షేమం కోసమని సెస్సు వసూలవుతోంది. ఒడియా వాడికి ఒడియాలో చెప్పే మనిషిని పెట్టడానికి అందులో పావలా చాలు.

నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రీకి నీ మొహం కూడా తెలీదు. పరంజా ఎక్కబోతే చొక్కా పట్టుకుని వెనక్కి లాగేవాడు. ముందు కర్రని తన్ని చూడమనేవాడు, ముడి లాగి చూడమనేవాడు, మళ్లీ నన్నే ముడి వేసి చూపించమనేవాడు. సరిగ్గా రాకపోతే ఆ పూట కిందే పని, కూలీ మాత్రం పూర్తిగా ఇచ్చేవాడు. అలాగని పాతకాలమే మంచిదని అనను. ఆయన నెత్తిన హెల్మెట్ ఉండేది కాదు, మట్టిపెళ్ల విరిగిపడి కాలు పోగొట్టుకున్నది కూడా ఆయనే.

రేపు పొద్దున్న ఎనిమిదింటికి మా క్లాసు మేం పెట్టుకుంటున్నాం. సెల్లార్లో కాదు, తొమ్మిదో అంతస్తులో, అంచుకి ఇవతల. గంజాం కుర్రాడే ఒడియాలో చెబుతాడు, నేను తెలుగులో చెబుతాను. ఒక్కొక్కళ్లూ హుక్ పెట్టి చూపించాలి. పెట్టడానికి రోపు కావాలని ఇంజినీరు సారుకి వాట్సాప్‌లో రాశాను, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. రోపు వచ్చేదాకా అంచు షీట్లు పరవం. పని ఎందుకు ఆగిందని నీలో ఒక గడి ఉంది కదా, ఎప్పుడూ వానకి తప్ప దేనికీ వాడరు. అందులో "రోపు రాలేదు" అని రాయించు. రేపటి పేజీలో ముందే వేసిన మా వేలిముద్రలు కొట్టేయించు.

ఇట్లు,
ఆరో వరస, సెంట్రింగ్ మేస్త్రీ