స్టూడెంట్ వీసా అయిపోతుంటే పెళ్లే దారా? ఆ వాట్సాప్ మెసేజ్‌లో ఉన్న తప్పులు

వారం రోజుల్లో ఒకే మెసేజ్ నాకు నలుగురు పంపారు. మొదట పంపింది టెక్సస్‌లోని డెంటన్‌లో ఎమ్మెస్ పూర్తి చేసి ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి. కింద "అక్కా, ఇది నిజమేనా?" అని రాసింది. రెండు రోజులకు ఖమ్మం నుంచి వాళ్ల నాన్నగారు అదే మెసేజ్ పంపి, "అమ్మా, పెళ్లి ముందుకు జరపమంటావా?" అని అడిగారు. మెసేజ్ సారాంశం ఇదీ:

"ఎఫ్-1 వీసా ఎక్స్‌పైర్ అవుతోందా? టెన్షన్ పడకండి. స్టాంప్ తేదీ దాటకముందే గ్రీన్ కార్డు గానీ సిటిజన్‌షిప్ గానీ ఉన్నవాళ్లతో రిజిస్టర్ మ్యారేజ్ చేసుకోండి. ఎవరైనా ఒకటే. అప్లికేషన్ రిసీప్ట్ రాగానే ఉద్యోగం చేసుకోవచ్చు, ఇండియా వెళ్లిరావచ్చు. అమెరికా వచ్చి 90 రోజులు దాటితే ఎవరూ ప్రశ్నించరు. ఓవర్‌స్టే అయినా మాఫీ. రెండేళ్ల తర్వాత విడాకులు తీసుకుంటే ఎవరి దారి వాళ్లది."

నేను లాయర్‌ని కాదు. డాలస్ దగ్గర ఒక ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసులో పదకొండేళ్లుగా ఈ ఫైళ్లు తయారు చేస్తున్నాను. ఈ మెసేజ్‌లో అక్కడక్కడా నిజం కూడా ఉంది. అందుకే జనం నమ్ముతున్నారు, అందుకే నాకు భయం.

ముందు ఆ స్టాంప్ సంగతి. పాస్‌పోర్టులో అతికించిన వీసా అమెరికా గుమ్మం దగ్గర చూపించడానికి మాత్రమే. లోపలికి వచ్చాక ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే ప్రవేశ రికార్డు. ఎఫ్-1 విద్యార్థుల ఐ-94 మీద తేదీకి బదులు డి/ఎస్ అని ఉంటుంది, అంటే స్టేటస్ నిలబడినంత కాలం ఉండొచ్చని. స్టాంప్ ఎప్పుడో అయిపోయినా, ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం) సరిగ్గా ఉండి, చదువో ఓపీటీనో (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) నడుస్తుంటే ఇక్కడ ఉండటానికి అడ్డు లేదు. ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు మరో 24 నెలలు, అది ముగిశాక 60 రోజుల గడువు. ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు, స్టెమ్ పొడిగింపు కూడా కలిపితే 150. లెక్కపెట్టుకోవాల్సిన తేదీలు ఇవి. డి/ఎస్ తీసేసి ఖచ్చితమైన తేదీ ఇవ్వాలని 2025 ఆగస్టులో ప్రభుత్వం ఒక ప్రతిపాదన పెట్టింది కాబట్టి, మీ ఐ-94 మీద ఏముందో ఆన్‌లైన్‌లో మీరే తెరిచి చూసుకోండి.

ఈ తేడా తెలియక ఒక కుర్రాడు చేసిన పని నేను మరిచిపోలేను. అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, మూడేళ్ల పరిచయం, రెండు వైపులా ఒప్పుకున్నారు, మాఘమాసంలో ముహూర్తం కూడా పెట్టుకున్నారు. జూలైలో స్టాంప్ అయిపోతోందని వీడు కంగారుపడి ఆషాఢంలోనే కౌంటీ ఆఫీసుకు వెళ్లి పెళ్లి చేసుకున్నాడు. అమ్మాయి అమ్మమ్మ ఆ తర్వాత చాలాకాలం వాళ్లతో మాట్లాడలేదు. ఫైల్ చేయించడానికి వచ్చినప్పుడు నేను అతని ఈఏడీ (పని అనుమతి) కార్డు తిప్పి చూశాను. స్టెమ్ ఓపీటీ ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ మాట చెబితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, ఆ తొందరంతా ఏ అర్థమూ లేని ఒక తేదీ కోసం.

ఇక "ఎవరైనా ఒకటే" అన్న మాట. మెసేజ్ మొత్తంలో ఎక్కువ జీవితాలు పాడుచేయగలిగేది ఇదే. సిటిజన్‌ను పెళ్లి చేసుకున్నవాళ్లు చట్టం దృష్టిలో ఇమ్మీడియట్ రిలేటివ్. వాళ్లకు ఏటా ఇన్ని అనే కోటా లేదు, క్యూ లేదు. ఐ-130 (బంధుత్వం చూపే పిటిషన్), ఐ-485 (ఇక్కడే ఉండి గ్రీన్ కార్డుకు పెట్టే దరఖాస్తు) రెండూ ఒకేసారి వేయొచ్చు. తనిఖీ జరిగి చట్టబద్ధంగా దేశంలోకి వచ్చినవాళ్లయితే, తర్వాత స్టేటస్ పోయినా, అనుమతి లేకుండా పని చేసినా, ఆ రెండు కారణాల మీద మాత్రం గ్రీన్ కార్డుకు అడ్డు రాకుండా చట్టంలోనే మినహాయింపు ఉంది.

గ్రీన్ కార్డు హోల్డర్‌ను చేసుకుంటే ఆ మినహాయింపు లేదు. అది ఎఫ్2ఏ అనే కేటగిరీ, దానికి కోటా ఉంది. ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా చూసుకోవాలి. రెండు చార్టుల్లో ఆ నెల ఏది వాడాలో యూఎస్‌సీఐఎస్ (ఈ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) చెబుతుంది. తేదీ తెరుచుకున్నా సరే, ఐ-485 వేసే రోజు దాకా మీ స్టేటస్ చెడకుండా ఉండాలి, అనుమతి లేని పని ఒక్కరోజు కూడా చేసి ఉండకూడదు. ఉద్యోగం మీద గ్రీన్ కార్డుకు వెళ్లేవాళ్లకు 180 రోజుల దాకా ఒక వెసులుబాటు ఉంది, కానీ కుటుంబ కేటగిరీలకు అది వర్తించదు. అంటే 60 రోజుల గడువు కూడా దాటిపోయిన ఒక అమ్మాయి సిటిజన్‌ను పెళ్లి చేసుకుంటే ఇక్కడే ఉండి గ్రీన్ కార్డు తెచ్చుకోగలదు. అదే పరిస్థితిలో గ్రీన్ కార్డు హోల్డర్‌ను చేసుకుంటే, అతను సిటిజన్ అయ్యేదాకా ఇక్కడ ఐ-485 వేయడానికి వీల్లేదు.

మరి "మా సీనియర్‌కి గ్రీన్ కార్డు భర్తతోనే వెంటనే అయిపోయింది" అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. 2019 జూలై నుంచి 2023 మార్చి దాకా ఎఫ్2ఏ కరెంట్‌గా, అంటే క్యూ లేకుండా ఉండేది, అప్పుడు వెంటనే వేసుకున్నారు. 2023 ఏప్రిల్‌లో తేదీ వెనక్కి వెళ్లింది. సీనియర్ చెప్పింది ఆనాటి నిజం, మీ కేసుకు మీ నెల బులెటిన్ కావాలి.

కొందరు దీన్ని హెచ్-1బీ సంబంధాలకు కూడా లాగుతున్నారు. హెచ్-1బీ భర్తో భార్యో ఉంటే మీకు వచ్చేది హెచ్-4 డిపెండెంట్ వీసా. గ్రీన్ కార్డు వాళ్ల కంపెనీ పెట్టిన కేసుతో, ఇండియా క్యూలో వాళ్లతోపాటే రావాలి.

"రిసీప్ట్ రాగానే ఉద్యోగం." తప్పు. రిసీప్ట్ అంటే మీ కాగితాలు అందాయని చెప్పే ఉత్తరం, అంతే. పని అనుమతికి ఐ-765 వేసి, ఈఏడీ కార్డు చేతికొచ్చి, అందులో తేదీ మొదలయ్యాకే పని. ఓపీటీ ఇంకా ఉంటే దాని మీద చేసుకోవచ్చు. అనుమతి లేని పనికి సిటిజన్ జీవిత భాగస్వాములకు మినహాయింపు ఉందన్నాను కదా, దాన్ని నమ్ముకుని ఇంకో పెద్ద గోతిలో పడేవాళ్లున్నారు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఐ-9 ఫారం నింపుతారు. అందులో మొదటి గడిలోనే "నేను అమెరికా సిటిజన్‌ని" అని ఉంటుంది. గ్యాస్ స్టేషన్లోనో, ఏదైనా స్టోర్లోనో "అక్కడ టిక్ పెట్టెయ్, ఏం కాదు" అంటారు. ఆ టిక్ శాశ్వతంగా అడ్డం పడుతుంది. సిటిజన్‌తో పెళ్లయినా గ్రీన్ కార్డు దశలో దానికి క్షమాపణ లేదు. దయచేసి ఆ గడి జోలికి పోకండి.

ఇండియా ప్రయాణం గురించి రాయాలంటే నాకు మనసు భారమవుతుంది. ఐ-485 పెండింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి నాయనమ్మ పోయారని రాత్రికి రాత్రే టికెట్ కొనుక్కుని వెళ్లిపోయింది. ఎఫ్-1 స్టాంప్ ఇంకా రెండేళ్లు ఉంది కదా అన్నది ఆమె ధీమా. పెద్దకర్మ అయ్యాక తిరుగు ప్రయాణానికి ముందు శంషాబాద్ నుంచి ఫోన్ చేసి, "నా కేసు ఏమైనా అవుతుందా?" అని అడిగింది. అప్పటికే అయిపోయింది. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) చేతికి రాకుండా దేశం దాటితే ఐ-485ను వదులుకున్నట్టే లెక్క. 1,440 డాలర్ల ఫీజు తిరిగి రాదు. హెచ్-1బీ, ఎల్-1 ఉద్యోగ వీసాల వాళ్లకు వేరే నిబంధన ఉంది. మన స్నేహితుల్లో ఎక్కువమంది వాళ్లే కాబట్టి, వాళ్లు వెళ్లొచ్చారని మనమూ వెళ్లిపోతాం. ఆమె స్టాంప్ కూడా అక్కరకు రాలేదు. గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టి, మళ్లీ "చదువుకుని వెనక్కి వెళ్లిపోతాను" అనే వీసా మీద లోపలికి వస్తానంటే ఆఫీసర్ నమ్మడు. కొత్త స్టాంప్ కోసం నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కి వెళ్దామన్నా, మీ పేరు మీద ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అన్న ప్రశ్న డీఎస్-160 వీసా ఫారంలోనే ఉంటుంది. ఐ-130 బతికే ఉంది కాబట్టి చివరికి ముంబై కాన్సులేట్ ద్వారా తిరిగొచ్చింది, కానీ భార్యాభర్తలు నెలల తరబడి చెరో దేశంలో ఉన్నారు. ఇంట్లో మరణం లాంటిది సంభవిస్తే యూఎస్‌సీఐఎస్ ఫీల్డ్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకుని ఎమర్జెన్సీ అడ్వాన్స్ పెరోల్ అడగొచ్చు. ఈ ఒక్క ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

90 రోజుల మాట ఎక్కడిదంటే, 2017 సెప్టెంబర్‌లో విదేశాంగ శాఖ తన కాన్సులర్ ఆఫీసర్లకు ఇచ్చిన మార్గదర్శకం. వచ్చిన 90 రోజుల్లోపే వీసా ఉద్దేశానికి విరుద్ధంగా నడుచుకుంటే మొదట అబద్ధం చెప్పారని అనుమానించవచ్చు అన్నది దాని సారం. యూఎస్‌సీఐఎస్ దానికి కట్టుబడి ఉండదు. 91వ రోజున వచ్చే రక్షణ ఏమీ లేదు, 80వ రోజున నిజమైన పెళ్లి చేసుకుంటే నేరమూ కాదు. నాలుగేళ్లుగా ఇక్కడ చదువుతున్నవాళ్లకు ఈ లెక్కతో సాధారణంగా పనే పడదు, ఇండియా వెళ్లి ఈమధ్యే తిరిగొస్తే తప్ప.

"ఓవర్‌స్టే మాఫీ" అన్నది సగం నిజమని పైనే చెప్పాను: సిటిజన్ భర్త లేదా భార్య ఉండాలి, చట్టబద్ధంగా వచ్చి ఉండాలి. ఇన్నాళ్లూ ఆ సగం నిజంతోనే చాలామంది ధైర్యంగా ఇంటర్వ్యూకి వెళ్లొచ్చారు. ఇప్పుడు పరిస్థితి మారింది. పిటిషన్ వేసినంత మాత్రాన స్టేటస్ రాదనీ, స్టేటస్ లేనివాళ్లను డిపోర్టేషన్ కోర్టుకు పంపవచ్చనీ 2025 ఆగస్టులో యూఎస్‌సీఐఎస్ తన పాలసీ మాన్యువల్‌లో మరోసారి స్పష్టంగా రాసింది. అదే ఏడాది నవంబర్‌లో శాన్ డియెగోలో, సిటిజన్లను పెళ్లి చేసుకుని గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకి వెళ్లిన కొందరిని ఓవర్‌స్టే కారణంగా అక్కడికక్కడే అరెస్ట్ చేశారు. గ్రీన్ కార్డు ఇవ్వడానికి అడ్డు కాకపోవడం వేరు, అరెస్ట్ కాకుండా ఉండటం వేరు. అందుకే ఓపీటీ, 60 రోజుల గడువు ఉండగానే ఫైల్ చేయమని మేం అంత గట్టిగా చెప్పేది. గడువు దాటిపోయినవాళ్లు లాయర్ లేకుండా ఇంటర్వ్యూకి వెళ్లొద్దు.

చివరి వాక్యం, రెండేళ్లకు విడాకులట. రాసినవాళ్ల మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. గ్రీన్ కార్డు మంజూరయ్యే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 వేసి, కాపురం నిజమని మళ్లీ రుజువు చేయాలి. విడాకులైతే ఒంటరిగా వేయొచ్చు, కానీ పెళ్లి నిజాయితీగానే చేసుకున్నారని చూపించాలి. కాగితం పెళ్లి అని తేలితే, ఆ తర్వాత నిజంగా ప్రేమించి ఇంకొకరిని చేసుకున్నా సరే, ఏ పిటిషన్ మీదా గ్రీన్ కార్డు రాదు, జీవితాంతం. క్రిమినల్ కేసులో ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. డబ్బు తీసుకుని సంతకం పెట్టిన సిటిజన్‌కి కూడా ఇదే శిక్ష. ఫ్లోరిడాలోని పనామా సిటీ ప్రాంతంలో భారతీయులకు ఎనభైకి పైగా దొంగ పెళ్లిళ్లు కుదిర్చిన కేసు 2019లో కోర్టులో తేలింది. నడిపినవాడూ భారతీయుడే. అదే ఏడాది జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనే నకిలీ కాలేజీ పేరుతో ప్రభుత్వమే వేసిన వలలో ఎంతమంది తెలుగు పిల్లలు చిక్కుకున్నారో మనకు గుర్తుండే ఉంటుంది. అక్కడా "అన్నీ మేం చూసుకుంటాం" అన్న ఏజెంట్లే.

"ఎవరి దారి వాళ్లది" కూడా తప్పే. స్పాన్సర్ ఐ-864 (ఆర్థికంగా పోషిస్తానన్న హామీ పత్రం) మీద పెట్టిన సంతకం విడాకులతో రద్దు కాదు. అవతలివాళ్లు సిటిజన్ అయ్యేదాకానో, దాదాపు పదేళ్ల పని లెక్కలోకి వచ్చేదాకానో, దేశం వదిలి వెళ్లేదాకానో, చనిపోయేదాకానో ఆ బాధ్యత ఉంటుంది.

అయితే నిజాయితీగా చేసుకున్న పెళ్లి నిలబడకపోవడం నేరం కాదు. పెళ్లి రోజున మీ మనసులో ఏముంది అన్నదే చట్టం అడుగుతుంది. "నా మాట వినకపోతే పిటిషన్ వెనక్కి తీసుకుంటా" అని బెదిరించి కొట్టేవాళ్ల దగ్గర పడి ఉండాల్సిన పనీ లేదు. హింసకు గురైన భార్య గానీ భర్త గానీ ఐ-360 మీద సొంతంగా పిటిషన్ వేసుకోవచ్చు, అవతలివాళ్లకు ఆ సంగతి తెలియనివ్వరు.

ఇంక ఆ డెంటన్ అమ్మాయి. ఆమెకు కాబోయే భర్త గ్రీన్ కార్డు హోల్డర్. మెసేజ్ నమ్మి వచ్చే నెలలోనే కౌంటీ ఆఫీసులో పెళ్లి చేసేసుకుందామనుకున్నారు. నేను రెండే ప్రశ్నలు అడిగాను: నీ స్టెమ్ ఓపీటీ ఎప్పటిదాకా ఉంది, అతని గ్రీన్ కార్డు మీద "రెసిడెంట్ సిన్స్" పక్కన ఏ తేదీ ఉంది? ఓపీటీ ఇంకా ఏడాదిన్నర ఉంది. అతనికి వచ్చే మే నెలలో ఐదేళ్లు నిండుతాయి. సిటిజన్‌షిప్‌కి ఎన్-400 ఐదేళ్లు నిండటానికి 90 రోజుల ముందే, అంటే ఫిబ్రవరిలోనే వేయొచ్చు. అతను సిటిజన్ అయిన రోజు ఆమె ఎఫ్2ఏ నుంచి ఇమ్మీడియట్ రిలేటివ్‌లోకి మారుతుంది. ఈలోపు ఉద్యోగం వదలొద్దని, ఐ-20లు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోమని, లాయర్‌కి ఒకసారి చూపించమని చెప్పాను. వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి, పంతులుగారు పెట్టిన ముహూర్తం మార్చొద్దని చెప్పాను.