కొత్త ఫీచర్‌కి కూడా మినీకిట్ కావాలి

మా మార్టేరు పరిశోధన స్థానంలో కొత్త వరి రకం తయారైందంటే డెల్టా మొత్తం ఒకేసారి వేసేయమని ఎవరూ చెప్పరు, ముందు మినీకిట్లని కొద్దిగా విత్తనం ఇచ్చి రైతుల చేలల్లోనే వేయించి, చేను పడిపోతుందా, దోమ తట్టుకుంటుందా, మిల్లులో నూక ఎంత పోతుందా అన్నీ చూస్తారు. 1982లో వచ్చిన స్వర్ణ ఆ స్థానానిదే. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం డేట్ చెప్పేశాం కదా అని పెద్ద ఫీచర్‌ని ఒక్క రాత్రిలో అందరి మీదా వదిలేస్తున్నారు, నాకు బాధంతా అక్కడే.

2024 జూలై 19న కంప్యూటర్ సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపింది పెద్ద ఫీచర్ కూడా కాదు, ఒక చిన్న ఫైలు. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు, అయినా మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి, చాలావాటి దగ్గరికి మనిషే వెళ్లి సరిచేయాల్సొచ్చింది. అప్‌డేట్ ఆపేసినంత మాత్రాన పాత స్థితి తిరిగి రాదు.

ఇలాంటిదే ఒకటి నేను దగ్గరుండి చూశా. తణుకు వైపు ఓ రైసు మిల్లులో దాళ్వా కోతల మధ్యలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చారు, కొత్తది బస్తాల లెక్కని క్వింటాళ్లలోకి మార్చి అదే కాలమ్‌లో రాసేసింది, పొద్దున్నే ప్రింటు రావట్లేదని పాత వెర్షన్ మళ్లీ ఎక్కించారు, అదేమో ఆ అంకెని బస్తాలే అనుకుంది. మా దగ్గర బస్తా అంటే 75 కిలోలు, అంటే 40 బస్తాలు తోలిన రైతుకి 30 అని చీటీ! కాటా దగ్గర ట్రాక్టర్లు బారులు తీరాయి, ఆ రైతుల మొహాలు నాకింకా గుర్తున్నాయి.

పాత కాలమ్‌ని ముట్టుకోకుండా పక్కన కొత్త కాలమ్ పెట్టి ఒక సీజన్ రెండిట్లోనూ రాస్తే సరిపోయేది, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే పాతది తీసేయొచ్చు. ఫీచర్ ఫ్లాగ్, అంటే కొత్తదాన్ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లాంటిది, పెట్టి ముందు ఒక్క కాటాకే ఆన్ చేసినా నష్టం అక్కడితో ఆగేది. ఫ్లాగులు కూడా శుభ్రంగా ఉంచుకోవాలి లెండి, 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల ట్రేడింగ్ కంపెనీ పాత ఫ్లాగ్‌నే కొత్త పనికి వాడింది, 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ వెళ్లలేదు, దాంతో అక్కడ పాత కోడ్ నడిచి 45 నిమిషాల్లో దాదాపు 44 కోట్ల డాలర్లు పోయాయి.

ఇంకో మాట, రోల్‌బ్యాక్, అంటే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే దారి, ఉందని కాగితం మీద రాస్తే చాలదు, కొత్త వెర్షన్ రాసిన డేటా మీద పాత వెర్షన్ నడిపి చూడాలి, అదీ కోతలు మొదలవకముందే.