ప్రేమకథల్లో తెల్లారేది ఎవరింట్లో?

ఆన్‌లైన్‌లో వచ్చే తెలుగు ప్రేమకథలు వరసగా చదువుతుంటే ఒకే ఉదయం మళ్లీ మళ్లీ ఎదురవుతోంది. తెల్లటి కర్టెన్లు, వాటిలోంచి పడే ఎండ, మంచం దగ్గరికే కాఫీ ట్రే, అతని చొక్కా వేసుకుని బాల్కనీలో నిలబడ్డ ఆమె. కథ జరిగేది హైదరాబాద్‌లోని నిజాంపేటలో. ఆ ఉదయం మాత్రం నిజాంపేటది కాదు.

అక్కడి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో హాల్లోంచి మామగారి దగ్గు వినిపిస్తుంది. పక్కింటి కుక్కర్ విజిల్ వేస్తుంది. గడియ తీసేలోపు ఆ ఇద్దరికీ దొరికేది ఐదు నిమిషాలు. దొంగిలించుకున్నవి కాబట్టే వాటికంత విలువ. ఇంట్లో ఎవరూ లేకుండా చేసి రాస్తే ఆ విలువ పోతుంది.

పాచిముఖంతో కనిపించడానికి ఒప్పుకోవడమే మన దగ్గర పెద్ద చనువు. కొత్తగా పెళ్లయిన అమ్మాయి భర్త కన్నా ముందే లేచి, ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుంటుంది. కొన్ని నెలలకి ఒకరోజు అలా లేవదు. జుట్టు రేగి, కళ్లు ఉబ్బి, అలాగే అతనికి ఎదురుగా పడుకుని ఉంటుంది. నా దృష్టిలో వాళ్ల ప్రేమకథకి అది మొదటి పేజీ.

నిజానికి మన సాహిత్యానికి ఉదయం బాగా తెలుసు. అన్నమయ్య 15వ శతాబ్దంలోనే 'పలుకు తేనెల తల్లి' కీర్తనలో పగలైనా నిద్రలేవని అలమేలుమంగను చూపించాడు. ముఖం మీద చెదిరిన కురులు, జారిన కొంగు. రాత్రంతా ఆ గుర్తుల్లోనే ఉంది. మన పాత అలంకారశాస్త్రం ప్రేమలో ఉన్న స్త్రీని ఎనిమిది రకాలుగా చెప్పింది. ఆ అష్టవిధ నాయికల్లో ఖండితది కూడా ఉదయమే. రాత్రంతా ఎదురుచూసి, ఇంకో స్త్రీ గుర్తులతో తెల్లారి వచ్చిన నాయకుణ్ని నిలదీస్తుంది. అంటే ఆనాటి కవులకి ఉదయం లెక్క తేలే వేళ.

ఈ లెక్క ఇప్పుడు ఇంకా అవసరం. రాత్రి ఆమె 'ఊఁ' అన్నది ఇష్టంతోనా, మొహమాటంతోనా? రాత్రి సీన్ ఎంత పొడుగ్గా రాసినా అది తేలదు. పొద్దున ఆమె అటు గోడవైపు తిరిగి పడుకుందా, లేచాక అతని కళ్లలోకి చూసిందా, అతను ఆ ముఖం చూసి 'ఏమైంది?' అని అడిగాడా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. బలవంతాన్ని మోజుగా చూపించిన కథలు నేను చదివినవి చాలావరకు ఉదయాన్ని దాటేసి నేరుగా ఆఫీసు సీన్‌కి వెళ్లిపోయాయి. ఆ దాటవేత నన్ను చాలా బాధపెట్టింది.

మన భాష ఇచ్చిన వరం ఒకటుంది. గదిలో 'లేవరా, లేటవుతోంది' అన్నామె గడియ తీసి వంటింట్లోకి వెళ్లి 'అత్తయ్యా, ఆయన లేచారు' అంటుంది. ఆ 'రా'కీ ఈ 'ఆయన'కీ మధ్య ఉన్నదంతా వాళ్లిద్దరి రహస్యం. పేజీ నిండా ముద్దులు రాసినా ఇంత దగ్గరితనం రాదు.

ఐటీ ఉద్యోగాలు తెచ్చిన ఉదయం ఇంకొకటి. అతను అమెరికా వేళల్లో పనిచేస్తాడనుకుందాం. న్యూయార్క్‌లో సాయంత్రం 5 అయితే మనకి వేసవిలో తెల్లవారుజామున 2:30, చలికాలంలో 3:30. ఆఫీసు క్యాబ్ గచ్చిబౌలి నుంచి ఒక్కొక్కరినీ దించుకుంటూ వచ్చేసరికి నాలుగు దాటుతుంది. ఆమె స్కూలు టీచరైతే ఐదున్నరకి అలారం. వాళ్లకి కలిసి ఉన్నది ఆ గంటే. అతను చప్పుడు కాకుండా తలుపు తీస్తాడు, ఫోన్ వెలుతురు గోడకేసి తిప్పుతాడు. చేతులు చల్లగా ఉన్నాయని ఆమెని ముట్టుకోడు. ఆమె కళ్లు తెరవకుండానే కాస్త పక్కకి జరిగి, తాను పడుకున్న వెచ్చటి చోటు అతనికి ఇస్తుంది.

ఈ సీన్ కోసం నేను ఇంకా వెతుకుతున్నాను.