బంకులో తాళం వేసిన తలుపు

హన్మకొండ నుంచి కాశీకి కారులో పోదామని నేనూ మా ఆయనా రెండు నెలలు ప్లాన్ చేసుకున్నాం. ఎక్కడ ఆగాలి, ఎక్కడ పడుకోవాలి, ఫాస్టాగ్‌లో ఎంత ఉండాలి, అన్నీ రాసుకున్నాం. బాత్రూం సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

కరీంనగర్, జగిత్యాల దాటి ఆర్మూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. రోడ్డు బాగుంది. నిర్మల్ దాటాక ఒక బంకులో ఆగితే ఆడవాళ్ల బాత్రూంకి తాళం. అడిగితే, "తాళంచెవి ఓనర్ దగ్గరుంది మేడం" అన్నాడు అక్కడి పిల్లగాడు. ఇంకో బంకులో తలుపుంది, గడియ లేదు. మా ఆయన బయట నిలబడి తలుపు పట్టుకున్నాడు. ఎంత సిగ్గనిపించిందో! మగవాళ్లకు చెట్టు చాటు చాలు, మేమేం చేయాలి? నాగపూర్ దాకా నీళ్లు తాగడమే మానేశాను, అదీ ఏప్రిల్ ఎండలో. సాయంత్రానికి తలనొప్పి, ఒంటికి పోతే మంట.

బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు, టైర్లకు గాలి ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. తాళం వేసుకుంటే అది ఇచ్చినట్టా? నాలుగు రోజుల తర్వాత తిరిగి వస్తూ అదే బంకులో ఆగాం. తాళం అలాగే ఉంది.