‘ఈ వయసులో మీకెందుకు’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఈ వయసులో మీకెందుకు’ గారి దివ్య సముఖమునకు, విజయనగరంలో కాపురముంటున్న, అరవై దాటిన ఒక ఇల్లాలు నమస్కరించి వ్రాయు విన్నపము. మీ క్షేమం అడగనక్కర్లేదు. మా ఇంట్లో పుష్టిగానే ఉన్నారు. చిక్కిపోతున్నది నేను, అదీ పైకి కనబడకుండా, ఎముకల్లో.

మీరు ఎప్పుడూ కోపంగా రారు. అక్కడే ఉంది మీ నేర్పంతా. కోడలి నోట “అత్తయ్యా, ఆ సంచి ఇటివ్వండి” అని వస్తారు. కొడుకు నోట “మేడ మీదికి నువ్వెందుకమ్మా” అని వస్తారు. పక్కింటావిడ నోట “అదృష్టవంతులు వదినగారూ, కూర్చున్న చోటికే అన్నీ వస్తున్నాయి” అని వచ్చి, దిష్టి కూడా పెట్టి వెళతారు. ముందు నీళ్లబిందె పట్టుకుపోయారు, తరవాత రుబ్బురోలు, ఆపైన మేడమెట్లు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం నాడు పైడితల్లి అమ్మవారి ఉత్సవానికి బయల్దేరబోతే, “ఆ జనంలోకి ఎందుకు, టీవీలో వేస్తారుగా” అన్నారు. పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, ఆ సిరిమాను, కోటకూ గుడికీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. నేను సోఫాకూ మంచానికీ మధ్య తిరుగుతున్నాను.

ఇది ఏ ఊరో మీకు తెలుసా? వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు కసరత్తు చేసి కండ పెంచిన ఊరు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడాయన. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. అలాంటి గడ్డ మీద నేను రైతుబజారు నుంచి రెండు కిలోల వంకాయలు మోసుకొస్తుంటే వీధి వీధంతా “అయ్యయ్యో” అంటోంది.

వాడకుండా దాచుకుంటే ఎముక ఎక్కువకాలం మన్నుతుందని మీ లెక్క. పట్టుచీరకు చెల్లుతుందేమో గానీ ఎముకకు చెల్లదు. ఎముక ప్రాణమున్న పదార్థం. పాతదాన్ని తొలిచే కణాలూ, కొత్తదాన్ని కట్టే కణాలూ అందులో జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. ముప్ఫై ఏళ్ల ప్రాంతంలో గట్టితనం పతాకస్థాయికి చేరుతుంది. ఆడవాళ్లకు ముట్లు ఆగాక కొన్నేళ్లపాటు తొలిచేవాటిదే పైచేయి. ఏ ఎముక మీద బరువు పడితే అక్కడ కట్టుబడి సాగుతుంది, పడకపోతే అరుగుదలే మిగులుతుంది. ఈ సంగతిని జూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు 1892లోనే రాసిపెట్టాడు. బరువే తెలియని అంతరిక్షంలో వ్యోమగాముల నడుము, తుంటి ఎముకల సాంద్రత నెలకు నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు చొప్పున తగ్గుతుంది. అందుకే వాళ్ల చేత అక్కడ రోజూ రెండు గంటలు కసరత్తు చేయిస్తారు. మీరు మాత్రం రాకెట్టు ఖర్చు లేకుండా మా ముందుగదిలోనే అంతరిక్షం ఏర్పాటు చేశారు. కసరత్తు సంగతి మరిచిపోయారు, అంతే.

ఇప్పుడు నా దినచర్య వినండి, వినలేకపోతే చెవులు మూసుకోండి. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి వేస్తాను. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేచి, మళ్లీ మెల్లగా కూర్చుంటాను. దిగేటప్పుడు ధబేలుమని కూలబడకుండా ఆగి ఆగి దిగాలి. తొడల్లో వణుకు పుట్టేది అక్కడే, కండకు పని తగిలేదీ అక్కడే. వంటింట్లో పప్పు ఉడికేదాకా గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించుతాను. విజిల్ కూసిన ప్రతిసారీ గట్టు వదిలి ఒంటికాలి మీద నిలబడతాను. కోడలు మొదట్లో నాకేదో పూనిందనుకుంది.

అరవై ఐదు దాటినవాళ్లు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు, మూడు రోజులు నిలకడ తప్పకుండా ఉండే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నిలకడ ఎందుకంటే, తుంటి విరిగేది చాలావరకు పడినప్పుడే. తడి స్నానాలగదికి మీ మర్యాదలు తెలియవు. పొద్దున్నే నాలుగడుగులు వేసి ఇడ్లీ బండి దగ్గర ఆగిపోయే పెద్దమనుషులకు కూడా ఒక మాట: నడక గుండెకు మంచిదే, ఎముకకు అదొక్కటే చాలదు. చోడి (రాగి) అంబలి తాగండి, కాల్షియం దండిగా ఉంటుంది. అయితే తాగి పడుకుంటే లాభం లేదు.

మీ మాట పూర్తిగా తీసిపారేయను. వెన్నెముక ఇప్పటికే గుల్లబారినవాళ్లు నడుము వంచి బరువులెత్తకూడదు, ఒళ్లు మెలితిప్పకూడదు. అలాంటివాళ్లు ముందు డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడగాలి. ఆ ఒక్కచోటా మీకు కుర్చీ వేస్తాను. కానీ రొమ్మున రేకు డప్పు కట్టుకుని గెంతే తప్పెటగుళ్లవాళ్లలో తల నెరిసినవాళ్లను చూడండి. వాళ్ల దగ్గరికి వెళ్లి “ఈ వయసులో మీకెందుకు” అనండి చూద్దాం.

కావున తమరు బిందె, రుబ్బురోలు తమ వద్దనే ఉంచుకుని, మేడమెట్లూ కూరగాయల సంచీ మాత్రం నాకు వెంటనే వాపసు ఇప్పించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ మాజీ ఆశ్రితురాలు

తా.క.: ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బని మావారు పడక కుర్చీలోంచి నవ్వారు. మగవాళ్లకూ వస్తుంది, కాస్త ఆలస్యంగా. ఆ కుర్చీ గుడ్డ ఉతికి మేడ మీద ఆరేశాను. కావాలంటే మెట్లెక్కి తెచ్చుకోమన్నాను.