విండో సీటు ప్లీజ్

ఆటోమొబైల్ వొకేషనల్ పిల్లలకు ఇంగ్లిష్ రావడం లేదని పైవాళ్లకు మళ్లీ బెంగ పట్టుకుంది. వాళ్లకు బెంగ పడితే మాకు వర్క్‌షీట్లు పడతాయి. మొన్నటిది ‘ఎట్ ది ఎయిర్‌పోర్ట్’. మా క్లాసులో గన్నవరం ఎయిర్‌పోర్ట్ చూడనివాడు లేడు, ఏలూరు బస్సు కిటికీలోంచి.

సరే, నా బల్లే కౌంటర్. ఒకడు ఉద్యోగి, ఒకడు ప్రయాణికుడు, పర్యవేక్షణకు వచ్చినాయన ముందు బెంచీలో నోట్‌బుక్‌తో. ప్రయాణికుడు మూడుసార్లు గుటకలు మింగి ‘మే ఐ హావ్ ఎ విండో సీట్’ అన్నాడు. కౌంటర్‌లోవాడు అలవాటు కొద్దీ ‘చిల్లర ఉంటేనే ఎక్కు’ అన్నాడు. తర్వాత తనిఖీ. పదునైన వస్తువులున్నాయా అనడిగితే మావాడు నిజాయితీగా జేబులోంచి పన్నెండు-పదమూడు స్పానర్ తీసి బల్ల మీద పెట్టాడు. వెనక బెంచీ నుంచి ‘స్టెప్నీ కూడా ఉందని చెప్పరా!’

అప్పుడు పెద్దాయన లేచారు. స్టెప్నీ ఇంగ్లిష్ కాదట, స్పేర్ వీల్ అనాలట. అయ్యా, వేల్స్‌లో లనెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది, 1904లో ఆ స్పేర్ వీల్ పుట్టింది అక్కడే, వీధి పేరే చక్రానికి వచ్చింది. అక్కడివాళ్లు మరిచిపోయినా మన ఆటోనగర్ మరిచిపోలేదు. పొద్దున్నుంచీ క్లచ్ ప్లేటు, క్రౌన్ వీలు, పినియన్ అంటూ బతికే పిల్లాడికేమో ఇంగ్లిష్ రాదు!

రాదు, నిజమే. ఎక్కడ రావాలో అక్కడ రాలేదు. వేసవిలో ట్రైనింగ్‌కి షెడ్డుకు పంపితే ఒకడు వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తిప్పాడు. లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరక్కుండా ఆగుతాయి, మూత వదులైతే సలసలా మీదికి చిమ్ముతాయి. మోచేతి దాకా కాలింది. మూత మీద రాసే ఉంది, ‘నెవర్ ఓపెన్ వెన్ హాట్’. నాలుగే నాలుగు ముక్కలు! ఏడాదంతా నా పాఠం విన్నవాడు అవి చదవలేకపోయాడు, ఎందుకంటే మేం వాడితో ‘ది క్యాప్ ఈజ్ ఓపెన్డ్ బై హిమ్’ అని వాయిస్ మార్పించే పనిలో ఉన్నాం. ఎవడి బుర్రలో పుట్టిందయ్యా ఈ చదువు? ఆ డబ్బా మీద, ఆ బ్యాటరీ మీద, ఆ మాన్యువల్‌లో ఉన్నది చదివించడానికి ఏం రోగం మనకు? దానికి జీతం తీసుకుంటున్నాను నేను, థూ.

మొన్న విండో సీటు అడిగింది వాడే, చొక్కా చేయి మణికట్టు దాకా లాక్కుని. నిన్న రిపోర్టు వచ్చింది: ‘ప్రయాణికుని ముఖమున చిరునవ్వు లోపించినది.’