స్టార్టింగ్ జోన్ గారికి, ఆరో కోడి విషయమై

ఆన్‌లైన్ ఆటలో కొత్తవాణ్ణి మొట్టమొదట దింపే ఊరైన మహారాజశ్రీ స్టార్టింగ్ జోన్ గారి దివ్యసముఖమునకు, నెల్లూరు నుంచి రెండో లెవెల్ కత్తివీరుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరి కోళ్లు కూడా క్షేమమేనని నాకు తెలుసు. ఐదింటిని నా చేత్తోనే పట్టి గూట్లో వేశాను. ఆరోదాని గురించే ఈ ఉత్తరం.

పోయిన ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అన్నం తిని కూర్చున్నాం. నేను నెల్లూరులో, మా బామ్మర్ది ఒంగోల్లో. మర్నాటి నుంచి వాడికి నైట్ షిఫ్టులు. మళ్లీ ఇద్దరికీ ఒకేసారి ఖాళీ దొరకాలంటే పంచాంగం తిరగేయాల్సిందే. అందుకని వారం ముందే అనుకుని, మూడు రాత్రులు డౌన్‌లోడ్‌కి వదిలేసి, మా పిల్లల్ని నెట్ ముట్టుకోవద్దని బెదిరించి సిద్ధమయ్యాం. తమరి బోర్డు మీద కూడా పెద్దక్షరాల్లో అదే ఉంది: స్నేహితులతో కలిసి సాహసయాత్ర. దాని కింద చిన్నక్షరాల్లో: పరిచయ భాగం సుమారు 20 నిమిషాలు.

మొహం చెక్కుకోవడానికి ముప్పావుగంట పట్టింది. ముక్కుకో స్లైడర్, దవడకో స్లైడర్, కనుబొమల మధ్య దూరానికి ఇంకోటి. పెళ్లిచూపులకి కూడా నేనింత తయారవలేదు. మావాడు ఒంగోలోడు కదా, కొమ్ములున్న జాతిని ఎంచుకున్నాడు. అంత కష్టపడి చెక్కిన మొహాలకి తమరు రెండో నిమిషంలోనే ఇనప టోపీలు తొడిగేశారు. బాగుంది.

డబ్ల్యూ నొక్కితే ముందుకి నడుస్తారని నేర్పారు. చాలా సంతోషం. పైకి చూడమన్నారు, చూశాను. కిందకి చూడమన్నారు, చూశాను. తర్వాత నెత్తిమీద పసుపుపచ్చ ఆశ్చర్యార్థకం మోస్తున్న తాత ఒకాయన వచ్చి, ఉత్తరాన చీకటి లేచింది, లోకం మునిగిపోతోంది, ఇక నువ్వే దిక్కు అన్నాడు. ఏం చెయ్యమంటావు తాతా అంటే, ముందు నా కోళ్లు ఆరు తప్పిపోయినాయి, పట్టుకురా అన్నాడు. ఇలాంటి ఆటల్లో మామూలుగా చెప్పేట్టు పది ఎలుకల్ని చంపమనలేదు, అంతవరకు నయం.

ఐదు కోళ్లు పట్టేసరికి ఫోను మోగింది.

"యాడుండావు బావా?"

"బావి దగ్గర. కోళ్లగూటి ముందర."

"నేనూ కోళ్లగూటి ముందరే ఉండా. నువ్వు కనపళ్లా."

"బావి గట్టెక్కరా, కనపడతావు."

"ఎక్కినా. ఎగరతా కూడా ఉండా."

"నేనూ ఎగరతానే ఉండాను రా."

ఒకే బావి, ఒకే గట్టు. నలభై దాటిన మనిషి నెల్లూరులో, ముప్పై దాటిన మనిషి ఒంగోల్లో స్పేస్ బార్ నొక్కుతూ ఆ గట్టు మీద గంతులేస్తున్నారు, ఒకరికొకరు కనపడకుండా. మా ఆవిడ కాఫీ తెచ్చి, స్క్రీన్ వంక చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

తమరి దగ్గర ఊరు ఒకటి కాదని, మనిషికో ఊరని అప్పుడు అర్థమైంది. నా బావి వేరు, వాడి బావి వేరు. ఇన్‌స్టెన్స్ అనే మాట నాకు కొత్తదేం కాదు. రాక్షసుల గుహలకి వాడే పద్ధతి అది, ఏ గుంపుకి ఆ గుంపు గుహ. దాన్ని తెచ్చి మనిషి పుట్టే ఊరికే పెట్టారు తమరు.

కారణాలు లేవని నేననను. ఆట విడుదలైన రోజు వేలమంది ఒకే గూటి ముందు పడితే కోళ్లు చాలవు. తాత కన్నీళ్లు పెట్టుకుని కథ చెబుతుంటే వెనక ఎవడో డ్రాయరు మీద డ్యాన్సు వేస్తాడు. అంతకన్నా పెద్ద కారణమూ ఉంది. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ అనే ఆటలో పట్నం పొలిమేర దాటిన కొత్తవాణ్ణి పాతకాపులు కాచుకుని చంపి, మూటాముల్లే ఊడ్చుకుపోయేవాళ్లు. చివరికి 2000లో ఆ లోకాన్నే రెండు చేసి, ఒకదాంట్లో ఇష్టం లేనివాడి మీద చెయ్యి చేసుకోకూడదని కట్టడి పెట్టాల్సి వచ్చింది. కాబట్టి కొత్తవాడికి కాపలా ఉండాల్సిందే. కాపలా పెట్టమంటే తమరు జైల్లో పెట్టారు. అదీ ఎవరి గది వారికే.

2004 నాటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మనుషుల జాతి పుట్టే నార్త్‌షైర్ లోయలో అందరూ ఒకేచోట దిగేవాళ్లు. నెత్తిన కొవ్వొత్తి పెట్టుకుని తిరిగే కోబోల్డుని మనం కొట్టబోయేలోగా పక్కవాడు కొట్టేసేవాడు. చిరాకే, నిజం. కానీ ఆ లోయ దాటి ఎల్విన్ అడవిలోకి పోతే హాగర్ అని హైనా మొహం వాడొకడు ఉండేవాడు. ఒంటరిగా పోయిన కొత్తవాణ్ణి ఉతికి ఆరేసేవాడు. శ్మశానం నుంచి లేచి మళ్లీ అటు పోయేటప్పటికి, అదే వాడి చేతిలో అవే దెబ్బలు తిన్నవాళ్లు ఇంకో ఇద్దరు తోడయ్యేవాళ్లు. స్నేహం చేసుకోండని అక్కడ బోర్డేమీ లేదు.

ఇప్పుడు ఆరో కోడి.

గూటి వెనక గోడకీ పాక కప్పుకీ మధ్య ఇరుక్కుంది. బయటికి తోక ఒక్కటే కనిపిస్తుంది. మూడు ఈకలు. దగ్గరికి పోతే పట్టుకోమని గుర్తు మెరుస్తుంది, నొక్కేలోపు మాయం. ఎగిరాను. పాక మీదికి ఎక్కబోతే కంటికి కనపడని గోడ. కత్తితో పొడిచాను, ఈకలు కదిలాయి, అంతే. తాత దగ్గరికి పోయి అడిగితే, "ఇంకొక్క కోడి మిగిలింది, వీరుడా" అన్నాడు. పదిహేడుసార్లు అడిగాను. పదిహేడుసార్లూ అదే మాట, మాట చివర అదే దగ్గు.

ఒకసారి బయటికి పోయి మళ్లీ లోపలికొస్తే సరిపోతుందేమోనని మావాడు సలహా ఇచ్చాడు. పోయి వచ్చాను. నల్లటి తెర తొలగింది. అక్షరాలు వెలిగాయి.

డబ్ల్యూ నొక్కితే ముందుకి నడుస్తారు.

ఏమయ్యా, నీకసలు సిగ్గుందా? ముప్పావుగంట చెక్కిన మొహం గుర్తుంచుకున్నావు, పట్టిన ఐదు కోళ్లు గుర్తుంచుకోలేవా? మళ్లీ పైకి చూశాను. మళ్లీ కిందకి చూశాను. మళ్లీ ఐదు పట్టాను. ఆరోది మళ్లీ అక్కడే. అవే మూడు ఈకలు.

ఈలోగా మావాడి ఊళ్లో ఆరు కోళ్లూ బుద్ధిగా దొరికాయి. "గేటు దాటినా బావా, ఇక్కడ జనం ఉండారు, సంత మాదిరి ఉండాది, రా" అన్నాడు. ఆ 'రా' అన్న మాట విని నాకు ఒళ్లు మండింది. నువ్వే వెనక్కొచ్చి నా కోడి పట్టిపెట్టరా అన్నాను. కాసేపు ఆగి, "రానీడంట బావా. ఒకసారి దాటితే అంతేనంట" అన్నాడు.

రెండింటి నుంచి ఆరింటిదాకా నాలుగు గంటలు. ఒంగోలుకీ నెల్లూరుకీ మధ్య సుమారు 120 కిలోమీటర్లు. మావాడు ఆ రెండింటికే రైలెక్కుంటే సింగరాయకొండ, కావలి, బిట్రగుంట దాటి ఇక్కడ దిగి, మామిడికాయ వేసిన చేపల పులుసు తిని, చెయ్యి కడుక్కుని, నా పక్కన కూర్చుని ఆ తోక చూసి నవ్వేవాడు. రైల్వేవాళ్లు చేయగలిగింది నీ లోకంలోని దేవతలూ మాంత్రికులూ అందరూ కలిసి చెయ్యలేకపోయారు.

వెనక్కి రానివ్వకపోవడం నువ్వు కనిపెట్టిందేం కాదులే. 2005 నాటి గిల్డ్ వార్స్‌లో మొదట కనిపించే పచ్చటి అస్కలాన్ కూడా అంతే. కథలో అది కాలి బూడిదవుతుంది, గేటు దాటినవాడికి తిరుగుదారి లేదు. ఆ అందం వదల్లేక గేటు దాటకుండా అక్కడే ఉండిపోయి, చిన్నాచితకా ప్రాణులతోనే ఇరవయ్యో లెవెల్ దాకా ఎక్కినవాళ్లున్నారు. వాళ్లు ఉండాలనిపించి ఉన్నారు. నేను కోడి కోసం ఉన్నాను.

నీ జాతి మొత్తం మీద నాకు కోపం లేదు. 2005లో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, వీఆర్‌సీ సెంటర్ దగ్గర ఒక నెట్ సెంటర్లో రూన్‌స్కేప్ ఆడేవాణ్ణి. అందులో ట్యుటోరియల్ దీవి ఉంది. చేతికి చిన్న వల ఇచ్చి రొయ్యలు పట్టడం నేర్పారు. నాకు! తెల్లమచ్చ రోగం వచ్చి మా నాన్న రొయ్యల గుంట ఎత్తేసిన ఏడాది అది. కిలోకి ఎంత కౌంటో, చెక్ ట్రేలో మేత మిగిలిందో లేదో మాట వరసకైనా ఎత్తకుండా రొయ్యల పాఠం చెప్పినవాణ్ణి నేను ఆ ఒక్కణ్ణే చూశాను. అయినా నవ్వుకుంటూ పట్టాను. మంట వేసి కాల్చాను, పిండి కలిపి రొట్టె చేశాను, రాగీ తగరమూ కరిగించి కంచు బాకు చేశాను, చివర్లో కోడి మీద గాలి మంత్రం వేశాను. ఆ కోడి కళ్లెదురుగానే ఉంది, ఏ కప్పులోనూ ఇరుక్కోలేదు. చుట్టూ నాలాంటివాళ్లే పదిమంది రొయ్యలు మాడ్చుకుంటూ కనిపించేవాళ్లు.

దీవి దాటి లంబ్రిడ్జి అనే ఊళ్లో దిగగానే ఎవడో ముక్కూమొహం తెలియనివాడు నా కాళ్ల దగ్గర కంచు కవచం పడేసి, నాకు అర్థంకాని భాషలో ఏదో అని పోయాడు. ఏడాది తర్వాత అక్కడే నిలబడి నేనూ ఇంకొకడి కాళ్ల దగ్గర ఒకటి పడేశాను.

ఇది మా ఊళ్లో ఒకరు చెబితే తెలుసుకోవాల్సిన సంగతి కాదు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగేటప్పుడు స్వర్ణాల చెరువులో దిగి చూడు. కోరిక తీరినవాడు రొట్టె తెచ్చి ఇస్తాడు, కోరిక ఉన్నవాడు పుచ్చుకుంటాడు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. పుచ్చుకున్నవాడే కోరిక తీరాక ఇచ్చేవాడై వస్తాడు. ఆ చెరువులో మనిషికో తొట్టి కట్టించి, నీళ్లలో కాలు పెట్టడమెలాగో 20 నిమిషాలు నేర్పి, ఆ తర్వాత రొట్టెని గోడతో మార్చుకోమన్నట్టుంది నీ నిర్వాకం.

ఈ ఉత్తరం ఇంకా ఉండేదే. కానీ మావాడు రాత్రి షిఫ్టు దిగి, ఇంటికి కూడా పోకుండా పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. సింగరాయకొండ దాటినా బావా అని ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. పులుసులోకి మామిడికాయలు తేవాలి, ఆపైన స్టేషన్‌కి పోవాలి. గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చెయ్యలేదు. పోయినసారి నుంచి సిస్టమ్ కూడా ఆపలేదు, ఆపితే మళ్లీ డబ్ల్యూ దగ్గరికి తీసుకుపోతావు. వాడు అన్నం తిన్నాక ఆ మూడు ఈకలూ స్వయంగా చూస్తానన్నాడు.

అప్పటిదాకా తాతకి కాస్త ఆ దగ్గుకి మందు ఇప్పించండి.

ఇట్లు,
ఐదు కోళ్లు పట్టినవాడు (రెండుసార్లు)